మంచుసీమలో భిక్షువుల నాట్యము

మనము ముంగిళ్లలో సంక్రాంతిముగ్గులు దీర్చు చలికాలముననే లడఖ్ సీమలోని బౌద్ధభిక్షువులు ముఖపు తొడుగులు ధరించి నాట్యమాడుచుందురు. లేహ్ పట్టణమునకు ఐదుమైళ్ల దూరమున, సింధునదీతీరపు గుట్టపై, స్పితుక్ విహారము కలదు. అచటి యుత్సవమునకు గుస్తోర్ అని పేరు. తిబ్బతు పంచాంగమున పదునొకండవ మాసమునందు 28, 29 దినములలో, అనగా తఱచుగా జనవరి నెలలో, ఇది జరుగును. నీరు గడ్డకట్టు ఆ చలిలోనే స్త్రీలు బిడ్డలతో వచ్చి విహారపు ముంగిట గూర్చుందురు.

నిడుపాటి బూరలు, భేరులు, తాళములు మ్రోగుచుండ, పట్టువస్త్రములు దాల్చిన భిక్షువులు మెల్లమెల్లగా అడుగులిడుచు వలయముగా దిరుగుదురు. మహాకాలుడు వచ్చును, దున్నపోతు మొగముతో ధర్మరాజు వచ్చును. ఈ పేరులు మనకు క్రొత్తవి కావు. కోఱలు, మూడు కన్నులు, కపాలమాలలు! ఇంత భయంకరరూపము లేల? మరణానంతరము జీవునకు ఇట్టి మూర్తులు గానవచ్చుననియు, బ్రతికియుండగనే చూచి యెఱిగినవారికి అప్పుడు వెఱపు గలుగదనియు వారి విశ్వాసము. పసివారిని సైతము వెంటగొనివచ్చుట యందులకే కాబోలు. మనమో, బూచివాని పేరు చెప్పి బిడ్డలకు అన్నము తినిపింతుము!

ముఖపు తొడుగు లేని నర్తకులును గలరు. వారు వెడల్పాటి నల్లటోపీల వారు. వీరి నాట్యమునకు ఒక ఐతిహ్యము చెప్పుదురు. 842వ సంవత్సర ప్రాంతమున బౌద్ధమును బాధించుచుండిన తిబ్బతురాజు లంగ్దర్మ యెదుట, పల్గ్యి దోర్జె యను భిక్షువు నల్లని యంగీ దొడిగి నాట్యమాడుచు, చేతులలో దాచిన విల్లు దీసి రాజును గొట్టి చంపెనట. బొగ్గుమసి పూసిన తెల్లగుఱ్ఱము నెక్కి పాఱి, ఏటిలో మసి గడిగి, అంగీ తిరుగవేసి లోపలి తెలుపు పైకి దెచ్చి తప్పించుకొనెనట.

అహింసను బోధించిన బుద్ధుని శిష్యుడు ప్రాణము దీయుటయా? రాజును మఱింత పాపమునుండి తప్పింప గరుణచేతనే చంపెనని వారి సమాధానము. నా మనస్సునకు అది యెక్కలేదు. అయితే ఉత్సవాంతమున జరుగు వధ వేఱు. పిండితో జేసిన యాకృతిని నల్లటోపీల నాయకుడు ఖండించి నలుదిక్కుల జల్లును. అహంకారము, అజ్ఞానము ఖండింపబడినట్లు భావింతురు. మన యజ్ఞములలోను కొందఱు ప్రాణిని విడిచి పిష్టపశువును సమర్పింతురు గదా! కత్తి పిండిమీదనే పడునని తెలిసిన పిమ్మట నా మనస్సు కొంత కుదుటబడినది.

ఆ గుట్టపైని యొక గుడిలో వజ్రభైరవుని పెద్దవిగ్రహ మున్నది. కాళికయని తలచి మ్రొక్కు హిందువులును గలరు. దాని మొగము ఏడాదిపొడుగున తెఱచాటుననే యుండును. ఈ యుత్సవమున మాత్రమే ముసుగు దీయుదురు. ముగియగనే మరల గప్పుదురు.