మీకు తెలుసా? లక్క టోపీ నుంచి కార్టు హెల్మెట్ దాకా

తొలినాటి రేసు హెల్మెట్లు లక్కతో గట్టిపడ్డాయని మీకు తెలుసా? ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్‌లో ఎరిక్ గార్డ్‌నర్ అనే డాక్టరు ఉండేవాడు. మోటారు సైకిళ్ల మీంచి పడి తలలు పగలగొట్టుకున్న వాళ్లకు కట్లు కట్టీ కట్టీ విసిగి, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీ ఒకటి తయారు చేయించాడు. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసులో దాన్ని తప్పనిసరి చేశారు. ఆ కాలంలో లోకానికి లక్క పంపింది ప్రధానంగా మన దేశపు అడవులే. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, కాంకేర్ పల్లెల్లో ఇప్పటికీ కుసుమ్ చెట్ల కొమ్మల మీద లక్క పురుగును పెంచి, గీకి తీసిన లక్కను సంతలో అమ్ముకుంటారు.

ఈనాటి హెల్మెట్ పైచిప్ప ఫైబర్‌గ్లాసో, కార్బన్ ఫైబరో, గట్టి ప్లాస్టిక్కో. అయితే దెబ్బ తగిలినప్పుడు ఎక్కువ పని చేసేది దాని లోపల ఉండే థర్మాకోల్ లాంటి నురుగు పొర. అది నలుగుతూ దెబ్బ జోరును మింగేస్తుంది, తల నెమ్మదిగా ఆగుతుంది. ఒకసారి నలిగిన చోట మళ్లీ ఉబ్బదు. తలకూ ఆ పొరకూ మధ్య ఖాళీ ఉంటే, పడ్డప్పుడు తల ముందు ఆ ఖాళీలో పరుగెత్తి తర్వాత నురుగుకు కొట్టుకుంటుంది. లేదా హెల్మెట్ పక్కకు తిరిగిపోతుంది, కాపాడాల్సిన చోటే బోసిగా మిగులుతుంది. ఎన్ని వేలు పోసి కొన్నదైనా సరే, వదులైతే వదులే.

బస్తర్‌లో తల మీద బరువు పెట్టుకుని గంటల తరబడి ఆడేవాళ్లున్నారని మీకు తెలుసా? దండామి మారియా గోండులు. గౌర్ నృత్యంలో మగవాళ్ల తలకట్టుకు రెండు పక్కలా అడవిదున్న కొమ్ములు, పైన ఈకల కుచ్చు, ముఖం మీదికి వేలాడే గవ్వల తోరణాలు ఉంటాయి. మెడకు పొడవాటి డోలు. మంచి ఊపులో ఉండగా మదించిన దున్నల్లా ఒకరి మీదికొకరు ఉరికి కొమ్ములు విసురుకుంటారు. 1927 నుంచి 1931 దాకా బస్తర్ సంస్థానం వ్యవహారాలు చూసిన గ్రిగ్సన్ 1938లో అచ్చేసిన పుస్తకంతో వీళ్లకు ‘బైసన్ హార్న్ మారియా’ అన్న పేరు స్థిరపడింది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవిదున్న వేట నేరం. అందుకే ఆ కొమ్ములు తాతల నుంచి మనవళ్లకు చేతులు మారుతూ వస్తున్నాయి. ఆ తలకట్టు అలంకారానికే, దెబ్బ కాచుకోవడానికి కాదు. కానీ అంత బరువు అంత కుదుపులో జారకుండా నిలవాలంటే తలను పట్టుకుని ఉండి తీరాలి. హెల్మెట్ కొనే కుర్రాడు షాపులో చూసుకోవాల్సిందీ ఆ పట్టునే.

ఎలాగంటే, ముందు దర్జీ వాడే మెత్తటి టేపు తీసుకోండి. కనుబొమలకు రెండున్నర సెంటీమీటర్లు పైనుంచి, చెవుల మీదుగా, తల వెనక బాగా ఉబ్బిన చోటు చుట్టూ తిప్పి కొలవండి. రెండు మూడు సార్లు కొలిచి పెద్ద కొలతను పట్టుకోండి. ఎం, ఎల్ అనే అక్షరాలను నమ్మకండి, ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎల్ కావచ్చు. ఆ కంపెనీ పట్టికలో సెంటీమీటర్లే చూడండి. రేసులో లోపల పలుచటి గుడ్డ ముసుగు వేసుకునే అలవాటుంటే కొలతా దానితోనే, తొడిగి చూడటమూ దానితోనే.

తొడిగాక కనుబొమల పైనే నుదురు దిండు ఆనాలి. చెంపలు నొక్కుకుని ముఖం కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, కొత్త హెల్మెట్‌కు అదే సరైన బిగువు. లోపలి గుడ్డ, దిండ్లు వాడుకలో కొంత అణిగిపోతాయి. నుదుటికీ దిండుకూ మధ్య వేలు దూరకూడదు. ఇప్పుడు గడ్డం దగ్గరి భాగాన్ని పట్టుకుని పక్కలకు తిప్పండి, పైకీ కిందికీ ఆడించండి. హెల్మెట్‌తో పాటు చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే కదిలి ముఖం నిశ్చలంగా ఉందంటే ఒక సైజు తగ్గించాల్సిందే. తర్వాత పట్టీ బిగించి, వెనక అంచును పట్టుకుని ముందుకు దొర్లించమని పక్కవాడికి చెప్పండి. ఊడి వచ్చిందా, బల్ల మీద పెట్టేసి ఇంకోటి అడగండి. షాపువాడు ‘వాడగా వాడగా సర్దుకుంటుంది సార్’ అంటాడు. బిగుతైనది కొంత సర్దుకుంటుంది, నిజమే. వదులైనది ఇంకా వదులవుతుంది.

ఒకే చుట్టుకొలత ఉన్న ఇద్దరికి ఒకే హెల్మెట్ సరిపోకపోవచ్చునని తెలుసా? కొందరి తల ముందు నుంచి వెనక్కి పొడవు, కొందరిది గుండ్రం. అందుకే షాపులోనే ఇరవై నిమిషాలు తొడిగి కూర్చోవాలి. తీశాక నుదుటి మధ్యలో మాత్రమే ఎర్రటి గుర్తు పడి నొప్పెడితే ఆ అచ్చు మీ తలది కాదు. పెద్ద సైజుకు పోతే నొప్పి తగ్గుతుంది, పక్కల వదులవుతుంది. అప్పుడు మార్చాల్సింది మోడల్‌ని.

ఇక కార్టు సంగతి. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసుకార్ల మెకానిక్ ఇనప గొట్టాల చట్రానికి గడ్డి కోసే యంత్రానికి వాడే ఇంజిను తగిలించి తొలి గో కార్టు చేశాడు. ఇప్పటి రేసు కార్టు గంటకు వంద కిలోమీటర్లు సునాయాసంగా దాటుతుంది, కానీ దానికి స్ప్రింగులు లేవు. పైకప్పు లేదు, బోల్తా పడితే కాచే కమ్మీల గూడూ లేదు కాబట్టి సీటు బెల్టు కూడా పెట్టరు. బోల్తా పడిన బండి కింద కట్టేసినట్టు ఇరుక్కోవడం కంటే విసిరేయబడటమే నయమని లెక్క. దారిలోని ప్రతి గతుకూ నేరుగా మెడకూ తలకూ ఎక్కుతుంది. హెల్మెట్ ఊగితే చూపు చెదురుతుంది, మలుపులో గురి తప్పుతుంది. కాంకేర్ నుంచి కొండగావ్ వస్తుంటే కేశ్‌కాల్ ఘాట్‌లో వరసగా 12 మలుపులు తగులుతాయి. ఆ ఘాట్‌ను వదులు హెల్మెట్‌తో బైకు మీద ఎక్కి దిగినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

హెల్మెట్ లోపలి అస్తరు కింద అంటించిన చిన్న స్టిక్కర్‌ను ఎప్పుడైనా చూశారా? 1956లో పీట్ స్నెల్ అనే రేసరు హెల్మెట్ కాపాడలేక చనిపోయాడు. మరుసటి ఏడు అతని స్నేహితులు స్నెల్ ఫౌండేషన్ పెట్టారు. ఆ స్టిక్కర్ మీద ఉండే వాళ్ల ముద్రల్లో ‘ఎస్ఏ’ కార్లకు, ‘ఎం’ మోటారు సైకిళ్లకు, ‘కె’ కార్టులకు. ఎస్ఏ అస్తరు నిప్పుకు ఓర్చుకోవాలి. కె రకానికి ఆ షరతు లేదు, కానీ కమ్మీలకు మళ్లీ మళ్లీ కొట్టుకున్నా తట్టుకునే పరీక్ష ఎస్ఏ లాగే దానికీ ఉంది. ఎం రకానికి అది లేదు. మన రోడ్ల మీద బైకుకైతే ఐఎస్ఐ మార్కే చట్టం. 2021 జూన్ 1 నుంచి ఆ మార్కు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ అమ్మడమే నేరం. అరకు మీదుగా చిత్రకోట్ జలపాతం చూడబోయే విశాఖ కుర్రాళ్లు రోడ్డు పక్క గొడుగు కింద కొన్న టోపీని తిరగేసి చూసుకుంటే మంచిది.

గట్టి నేల మీద బలంగా పడిన హెల్మెట్‌కు పైన గీత లేకపోయినా లోపలి నురుగు నలిగి ఉండొచ్చు. పాతది చవగ్గా వస్తోందని తీసుకోవడంలో చిక్కు అదే. దెబ్బ తగలకపోయినా అయిదేళ్లకు మార్చమని స్నెల్ వాళ్లు చెబుతారు. పెట్రోలు, రంగు పలుచన చేసే థిన్నర్ లాంటివి తగిలితే అంతకు ముందే పాడవుతుంది.

పిల్లల కార్టు రేసులకు వేరే హెల్మెట్లు ఉన్నాయని మీకు తెలుసా? 2007లో మోటారు రేసుల అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ, స్నెల్ కలిసి ‘సీఎంఆర్’ అనే ప్రమాణం తెచ్చాయి. పిల్లల మెడ పెద్దల హెల్మెట్ బరువు మోయలేదని, బరువుకు హద్దు పెట్టారు. మన దగ్గర బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకెళ్తే వాళ్లకూ హెల్మెట్, నడిపేవాడికి కట్టే బెల్టు ఉండాలని, బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్దది కొనడం స్కూలు యూనిఫారానికి చెల్లుతుంది, దీనికి చెల్లదు. ఆరు నెలలకోసారి టేపు తీసి కొలవడమే దారి. చెంప దిండ్లు విడిగా మార్చుకునే మోడల్ తీసుకుంటే మందమైన దిండ్లతో మొదలుపెట్టి, ముఖం నిండేకొద్దీ పలుచనివి వేసుకుంటూ ఇంకో సీజను లాగొచ్చు.