సినిమా చాటున పడిన నాటకం

‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అనగానే కళ్ల ముందు మెదిలేది పచ్చటి కొండ మీద చేతులు చాచి గిర్రున తిరిగే జూలీ ఆండ్రూస్. 1965లో వచ్చిన ఆ సినిమాకు అయిదు ఆస్కార్లు దక్కాయి. దాని వెలుగులో అసలు నాటకం మరుగున పడింది. ఆ ఖాళీలో అపోహలు చేరాయి.

అపోహ: సినిమా హిట్టయ్యాక దాన్ని నాటకంగా మలిచారు.

వాస్తవం: నాటకమే ముందు. 1959 నవంబరు 16న న్యూయార్క్‌లోని లంట్-ఫాంటాన్ థియేటర్లో తెర లేచింది. 1963 జూన్ దాకా 1,443 ప్రదర్శనలు నడిచాయి. 1961లో లండన్ చేరి అక్కడ 2,385 సార్లు ఆడింది. ఆ మాటకొస్తే ఈ కథకు మూలమైన ఆస్ట్రియా ట్రాప్ కుటుంబం మీద 1956లోనే ఒక జర్మన్ సినిమా వచ్చింది. బ్రాడ్‌వే వాళ్లకు ఈ కథ మీద కన్ను పడింది దాన్ని చూసే. ఆ కుటుంబం పాడుకున్న పాటలనే వాడి, సంగీతకారుడు రిచర్డ్ రోజర్స్, గీత రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్ చేత ఒకటో రెండో కొత్తవి చేయిద్దామని మొదట అనుకున్నారు. ఆ కలగలుపు కుదరదని, రాస్తే అన్నీ తామే రాస్తామని వాళ్లిద్దరూ తేల్చి చెప్పారు.

నాయిక మరియాగా వేసిన మేరీ మార్టిన్‌కు అప్పటికి 46 నిండబోతున్నాయి. ఆమెను పెళ్లాడే కెప్టెన్ ట్రాప్‌గా వేసిన థియోడర్ బికెల్‌కు 35. నిజజీవితంలో పెళ్లినాటికి మరియాకు 22, వరుడు కెప్టెన్ జార్జ్‌కు 47! ఈ తలకిందుల లెక్క టికెట్ల అమ్మకానికి ఏమాత్రం అడ్డు రాలేదు.

అపోహ: ‘ఏడెల్‌వైస్’ ఆస్ట్రియా జానపదగీతం, లేదా జాతీయగీతం.

వాస్తవం: రెండూ కాదు. బోస్టన్‌లో ముందస్తు ప్రదర్శనలు జరుగుతుండగా కెప్టెన్ కోసం కొత్తగా రాసిన పాట అది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న హామర్‌స్టైన్ రాసిన చివరి పాట కూడా అదే. నాటకం మొదలైన తొమ్మిది నెలలకు, 1960 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. సినిమాలో వినిపించే ‘సమ్‌థింగ్ గుడ్’, ‘ఐ హ్యావ్ కాన్ఫిడెన్స్’ పాటలకు మాటలు కూడా రోజర్సే రాసుకోవలసి వచ్చింది.

అపోహ: ఇదంతా పిల్లలూ పాటలూ నిండిన తీపి కథ.

వాస్తవం: విమర్శకులు అప్పట్లోనే తీపి ఎక్కువైందన్నారు, అందులో నిజం లేకపోలేదు. అయితే నాటకంలో చేదు కూడా ఉంది. దాన్ని తీసేసింది సినిమాయే. రంగస్థలం మీద కెప్టెన్ పెళ్లాడబోయే ఎల్సా, వాళ్ల స్నేహితుడు మాక్స్ కూడా పాడతారు. ‘నో వే టు స్టాప్ ఇట్’ అనే పాటలో నాజీలతో సర్దుకుపొమ్మని కెప్టెన్‌కు నచ్చజెబుతారు. ఆయన ఒప్పుకోడు. ఎల్సాతో పెళ్లి తప్పిపోయేది ఆ రాజకీయ విభేదం వల్ల. సినిమాలో ఆ పాట లేదు, ఆ కారణమూ లేదు. మరియా మీద ప్రేమ ఒక్కటే మిగిలింది. కెప్టెన్ పెద్దకూతురు ఇష్టపడ్డ, నాజీల్లో చేరిన రోల్ఫ్ సంగతి మరీ చిత్రం: సినిమాలో ఈల ఊది కుటుంబాన్ని పట్టించబోతాడు, నాటకంలో చూసి కూడా ఇక్కడెవరూ లేరని అరిచి వదిలేస్తాడు. రెంటిలో నాటకానిదే బలమైన ముగింపు.

అపోహ: ట్రాప్ కుటుంబం కొండలెక్కి స్విట్జర్లాండ్‌కు పారిపోయింది.

వాస్తవం: ఈ అపోహకు నాటకమే మూలం. సాల్జ్‌బర్గ్ దగ్గరి కొండలు దాటితే వచ్చేది జర్మనీ, అదీ హిట్లర్ విడిది ఉన్న బెర్క్‌టెస్‌గాడెన్ వైపు! అసలు కుటుంబం 1938లో రైలెక్కి ఇటలీ వెళ్లింది. జార్జ్ పుట్టిన జాదర్ పట్టణం మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ చేతికి పోవడంతో ఆయనకు ఆ పౌరసత్వం ఉంది. మరియాతో పెళ్లయింది కూడా 1927లో, నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించడానికి పదకొండేళ్ల ముందు. ఆయన కర్కశుడు కాదని, మెత్తని మనిషని పిల్లలే చెప్పారు.

అపోహ: ఆస్ట్రియన్లకు ఇది ప్రాణం.

వాస్తవం: కథ జరిగిన సాల్జ్‌బర్గ్ ప్రభుత్వ థియేటర్లో ఈ నాటకం వేసింది 2011లో, బ్రాడ్‌వే తర్వాత అర్ధ శతాబ్దానికి.

సినిమా ఒక్కటే చూసినవారు 1959 నాటి బ్రాడ్‌వే నటులు పాడిన ఆల్బమ్ ఒకసారి వినండి. ‘నో వే టు స్టాప్ ఇట్’ అందులో ఉంది.