పాతిక లైన్ల స్క్రిప్టు.. ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ ప్రాజెక్టు

ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు ఇంకా అయిదు నిమిషాలే ఉంది. హెడ్‌ఫోన్లు ఆన్ చేశారు. ల్యాప్‌టాప్‌కు మాత్రం కనెక్ట్ కాలేదు. సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ ఎక్కడుందో వెతికి, పేరు మీద నొక్కి.. ఈలోగా ప్యానెల్ వచ్చేసింది. ఎంత చిరాకు!

లైనక్స్ వాడేవాళ్లయితే ఈ పనిని ఒక్క కీ నొక్కితే తెరుచుకునే చిన్న మెనూగా మార్చుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, రెజ్యూమెలో రాసుకోవడానికి అచ్చంగా మీదైన ప్రాజెక్టు ఒకటి దొరుకుతుంది.

దాని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. నా మొదటి ఇంటర్వ్యూలో నలుగురం కలిసి చేసిన పెద్ద ప్రాజెక్టు చూపించాను. నిజం చెప్పాలంటే, నెట్‌లో దొరికిన కోడ్‌కు పేర్లు మార్చామంతే. 'ఇందులో మీరు సొంతంగా రాసిన ఒక్క ఫంక్షన్ గురించి చెప్పండి' అన్నారు. నోట మాట రాలేదు. ఉద్యోగమూ రాలేదు.

ఏం కావాలి?

లైనక్స్‌లో బ్లూటూత్ పనులు చూసే సాఫ్ట్‌వేర్ పేరు బ్లూజెడ్. దాంతో టెర్మినల్ నుంచి మాట్లాడే కమాండ్ 'బ్లూటూత్‌సీటీఎల్'. తెర మీద మెనూ చూపించడానికి 'రోఫీ' అనే ఉచిత టూల్ చాలు. వర్చువల్ మెషీన్‌లో లైనక్స్ నడిపితే బ్లూటూత్ అడాప్టర్ దానికి అందకపోవచ్చు. అలాంటప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటును బూట్ చేసి ప్రయత్నించండి.

అయిదు అడుగుల్లో..

1. బ్లూటూత్‌సీటీఎల్‌కు 'డివైజెస్ పెయిర్డ్' అని ఇస్తే, ఇప్పటికే పెయిర్ చేసిన పరికరాల జాబితా వస్తుంది. పాత వెర్షన్లలో ఇదే పనికి 'పెయిర్డ్-డివైజెస్' అనే కమాండ్ ఉండేది. పాత కోడ్ కాపీ కొడితే ఇక్కడే ఆగిపోతుంది.

2. జాబితాలో ఒక్కో లైన్‌లో 'డివైజ్' అన్న మాట, అడ్రస్, పేరు వరసగా ఉంటాయి. 'కట్' కమాండ్‌తో మొదటి మాట తీసేసి, మిగిలింది పైప్ ద్వారా రోఫీకి పంపండి. రోఫీని 'డీమెనూ' మోడ్‌లో నడిపితే, వచ్చిన లైన్లను మెనూగా చూపించి, మీరు ఎంచుకున్న లైన్‌ను తిరిగి ఇస్తుంది.

3. ఎంచుకున్న లైన్‌లో మొదటి మాటే అడ్రస్. దాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టండి.

4. ఆ అడ్రస్‌తో 'ఇన్ఫో' అడగండి. వచ్చిన సమాచారంలో 'కనెక్టెడ్: ఎస్' ఉందేమో 'గ్రెప్'తో చూడండి. ఉంటే 'డిస్‌కనెక్ట్', లేకపోతే 'కనెక్ట్'. ఒక్క ఇఫ్-ఎల్స్ సరిపోతుంది.

5. స్క్రిప్టుకు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఒక షార్ట్‌కట్‌కు కలపండి.

ఇంతే. పాతిక లైన్లు దాటదు.

అసలు పాఠాలు ఇక్కడే

స్క్రిప్టు ఒకసారి పనిచేసిందని వదిలేయకండి. కావాలని ఇబ్బంది పెట్టి చూడండి. పరికరం పేరులో ఖాళీలుంటే? మూడో మాటే పేరు అనుకుని రాసుంటే సగం పేరే కనిపిస్తుంది. ఒకే మోడల్ హెడ్‌ఫోన్లు రెండుంటే? పేరును బట్టి వెతికితే పొరపాటున రెండోదానికి కనెక్ట్ కావచ్చు. అందుకే మెనూలో అడ్రస్‌నూ ఉంచాం. ఏదీ ఎంచుకోకుండా ఎస్కేప్ నొక్కితే? వేరియబుల్ ఖాళీగా ఉంటుంది కాబట్టి స్క్రిప్టు అక్కడే ఆగిపోవాలి. బ్లూటూత్ ఆఫ్‌లో ఉంటే? ముందుగా 'పవర్ ఆన్' ఇవ్వాలి. కనెక్ట్ అయ్యిందో లేదో మళ్లీ 'ఇన్ఫో' అడిగి, 'నోటిఫై-సెండ్'తో తెర మీద చెప్పించండి.

ఒక్కో ప్రశ్నకూ రెండు మూడు లైన్లు పెరుగుతాయి. మీరు చెప్పగలిగే విషయం అంతకు పదింతలు పెరుగుతుంది. పైపులు, స్ట్రింగ్ ప్రాసెసింగ్, ఎర్రర్ హ్యాండ్లింగ్.. టెస్టింగ్, క్లౌడ్ సపోర్ట్, డెవాప్స్ పనుల్లో రోజూ కావాల్సినవి ఇవే.

ఎలా చూపించాలి?

కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టండి. ఒకేసారి కాకుండా, ఒక్కో లోపం సరిచేసినప్పుడల్లా ఒక్కో కమిట్ చేయండి. ఏ లోపం ఎలా దొరికిందో రీడ్‌మీలో రెండు ముక్కల్లో రాయండి. రెజ్యూమెలో 'బ్లూటూత్ మేనేజ్‌మెంట్ సిస్టమ్' లాంటి బరువైన పేరు వద్దు. 'పెయిర్ చేసిన పరికరాలను కనెక్ట్ చేసే బ్యాష్ మెనూ' అనండి చాలు.

తర్వాతి ఇంటర్వ్యూలో నేను చూపించింది ఇలాంటి స్క్రిప్టే. 'ఎస్కేప్ నొక్కితే ఏమవుతుంది?' అని అడిగారు. ఆ తప్పు నేను అప్పటికే చేసి, దిద్దుకుని ఉన్నా. జవాబు వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది.

ఈ వారాంతం రెండు గంటలు కేటాయించండి. బ్లూటూతే కానక్కర్లేదు. మీ కంప్యూటర్‌లో మిమ్మల్ని రోజూ విసిగించే పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దాంతోనే మొదలుపెట్టండి.