ఎడారిలో 'మస్దర్' మన ఊరికి నేర్పే పాఠం

అరబీ వ్యాకరణం చదివే మదర్సా పిల్లలకు 'మస్దర్' కొత్త మాట కాదు. చదవడం, నడవడం, ఇవ్వడం వంటి క్రియానామాన్ని మస్దర్ అంటారు. మస్దర్ నుంచే క్రియ పుట్టిందని బస్రా పండితులు, క్రియ నుంచే మస్దర్ పుట్టిందని కూఫా పండితులు వాదించుకున్నారు. మామూలు అర్థంలో మస్దర్ అంటే మూలస్థానం. ఈ పేరుతోనే అబుధాబీ పాలకులు ఎడారిలో ఒక నగర నిర్మాణం తలపెట్టారు.

2006లో ప్రకటించి 2008లో పనులు మొదలుపెట్టారు. సుమారు 6 చదరపు కిలోమీటర్ల స్థలం, 50 వేల మంది నివాసం, రోజూ వచ్చిపోయే మరో 40 వేల మంది. గాలిలోకి అదనంగా బొగ్గుపులుసు వాయువు వదలని, చెత్త మిగలని నగరం కట్టాలన్నది సంకల్పం. బ్రిటన్ వాస్తుశిల్పి నార్మన్ ఫాస్టర్ సంస్థ దీని ప్రణాళిక గీసింది. మన అమరావతి ప్రభుత్వ భవన సముదాయానికి తర్వాత నమూనాలు ఇచ్చింది కూడా ఈ సంస్థే.

పాత అరబ్బు పట్టణాల తెలివినే ఇక్కడ వాడుకున్నారు. వీధులు ఇరుకుగా ఉంటే ఒక ఇంటి నీడ ఎదుటి ఇంటి మీద పడుతుంది. గోడలకు జాలీ కిటికీలు పెట్టారు. పై గాలిని కిందికి దించే 45 మీటర్ల గాలి బురుజు కట్టారు. 2009లో 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం పనిచేయసాగింది.

అయితే 2008 ఆర్థిక మాంద్యం దెబ్బ తగిలింది. 2016 నాటికి పూర్తి కావలసిన నగరం కాలేదు. డ్రైవరు లేని చిన్న బండ్లు నగరమంతా తిరుగుతాయన్నారు, కొద్ది దూరానికే పరిమితమయ్యాయి. 'సున్నా' లక్ష్యాన్ని కూడా సడలించుకున్నారు. సౌర ఫలకాల మీద ఇసుక దుమ్ము పేరుకుంటే విద్యుత్తు తగ్గుతుంది, వాటిని ఎప్పటికప్పుడు తుడవాలి. ఎంత ధనమున్నా నిత్యం కనిపెట్టుకుని ఉండే మనుషులు లేనిదే ఏ నగరమూ నిలవదన్నది ఇందులోని పాఠం.

మన రంగారెడ్డి జిల్లా ముచ్చర్ల వద్ద తలపెట్టిన ఫ్యూచర్ సిటీ కూడా కర్బన ఉద్గారాలు నికరంగా సున్నాగా ఉండే నగరమవుతుందని ప్రభుత్వం 2024 నుంచి చెబుతున్నది. మంచిదే. మరి ఇప్పటికే ఉన్న ఊళ్ల మాటేమిటి?

శరీఅత్ ఏమంటుంది?

దారి వెడల్పుపై తగవు వస్తే ఏడు మూరలు వదలమని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. మదీనా హద్దుల్లో చెట్లు నరకరాదని ఆజ్ఞాపించారు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి సొత్తని బోధించారు. పట్టణ ప్రణాళికకు ఇంతకన్నా గట్టి పునాది ఏముంటుంది?

ఇప్పుడు కౌకూర్ నుంచి శామీర్‌పేట దాకా ఒకసారి చూడండి. పొలాలు లేఅవుట్లయ్యాయి. గల్ఫ్‌లో చెమటోడ్చిన సొమ్ముతో కట్టుకున్న ఇళ్లకు అద్దాల ముఖాలు పెట్టి, ఆ వేడిని ఏసీలతో తరుముతున్నాం. ఎడారి వాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన నీడను మనం చేజేతులా నరుక్కుంటున్నాం.

అంతకన్నా పెద్ద ప్రమాదం చెరువుల శిఖం భూముల్లో ఉంది. చౌకగా వస్తోందని అక్కడ ప్లాటు కొనేవారు కాగితాలు మాత్రమే చూస్తారు. చెరువు ఉమ్మడి సొత్తయినప్పుడు దాన్ని పూడ్చినవాడు అందరి వాటానూ మింగినట్టే. తెలిసి కొన్నవాడు ఆ పాపంలో పాలుపంచుకున్నట్టే. వానాకాలంలో ఆ నీరు తన చోటు వెతుక్కుంటూ ఏ పేదవాడి గుడిసెలోనో దూరుతుంది. 2024లో హైడ్రా యంత్రాలు వచ్చాక కూలిన ఇళ్లలో జీవితకాలపు కష్టార్జితం పెట్టినవారూ ఉన్నారు. కొనకముందే విచారించడం ఇహానికీ, పరానికీ మేలు.

మసీదు నుంచే మొదలుపెడదాం

దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరుకు తక్కువ నీటితోనే వుజూ పూర్తిచేసేవారు. మనం నల్లా తిప్పి వదిలేసి ఎన్ని లీటర్లు పారబోస్తున్నామో ఈ శుక్రవారమే ఒక బకెట్ పెట్టి కొలవండి. వుజూ నీటిని మురుగు కాలువకు కాక మసీదు ఆవరణలోని చెట్లకు మళ్లించండి. కప్పు మీద పడే వానను ఇంకుడు గుంతకు పంపండి. కమిటీ పెద్దలు తలచుకుంటే కప్పు మీద సౌర ఫలకాలు పెట్టడం కష్టం కాదు.

చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, నాటగలిగితే నాటమన్న ప్రవక్త (స) ఉమ్మత్ మనం. నేల, నీరు మనకు వారసత్వం కాదు, అమానత్. దాన్ని భద్రంగా అప్పగించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.