నత్తగుల్లల్లో నివసించే సిక్లిడ్ చేపలు – ఇంటి అక్వేరియంలో పెంపకం, వేసవి యాజమాన్యం

పాలేరు, వైరా, కిన్నెరసాని జలాశయాలున్న ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో చేప అనగానే బొచ్చె, రోహు, కొర్రమీను గుర్తుకు వస్తాయి. అలంకరణ చేపలలో మాత్రం ఖాళీ నత్తగుల్లనే ఇల్లుగా చేసుకొని జీవించే చిన్న సిక్లిడ్లు ప్రత్యేకమైనవి. వీటికి పెద్ద తొట్టి, ఖరీదైన అలంకరణ అవసరం లేదు. అయితే భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో వేసవి తాపాన్ని తట్టుకొనేలా నీటిని కాపాడగలిగినప్పుడే వీటి పెంపకం సాధ్యమవుతుంది.

స్వస్థలం, స్వభావం

ఈ చేపల స్వస్థలం తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు. సున్నపు లవణాలు అధికంగా ఉండే ఆ క్షార జలంలో చనిపోయిన నత్తల గుల్లలు త్వరగా కరగవు. అందువల్ల అవి సరస్సు అడుగున మేటలుగా పేరుకుపోతాయి. ఆ మేటలే ఈ చేపలకు ఆవాసం. నియోలాంప్రోలోగస్ మల్టీఫాసియేటస్ అనే రకంలో మగచేప సుమారు 4 సెం.మీ. వరకు పెరుగుతుంది, ఆడచేప అంతకంటె చిన్నది. ఇవి గుంపుగా జీవిస్తూ, నోటితో ఇసుకను తోడి గుల్లల చుట్టూ గుంటలు చేస్తాయి. లాంప్రోలోగస్ ఒసెల్లేటస్ రకం తన గుల్లను ఇసుకలో పూడ్చి, మూతిని మాత్రమే పైకి ఉంచుతుంది.

తొట్టి, ఇసుక, గుల్లలు

మల్టీఫాసియేటస్ రకానికి 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల తొట్టిలో 6 నుండి 8 చేపలను వేయవచ్చు. జల్లించిన సన్నని గోదావరి ఇసుకను తేరిన నీరు వచ్చేవరకు కడిగి, 5 సెం.మీ. మందాన పరచాలి. ఒక్కొక్క చేపకు కనీసం 2 లేదా 3 గుల్లలు ఉండాలి.

టాంగన్యీకా గుల్లలకు బదులుగా మన వరిమళ్లలో, చెరువులలో దొరికే నత్తల ఖాళీ గుల్లలు సరిపోతాయి. పురుగుమందుల అవశేషాలు ఉండవచ్చు కనుక మందు చల్లిన పొలాల నుండి, అనుమతి లేకుండా అభయారణ్యం నుండి వీటిని సేకరించరాదు. లోపల మాంసం మిగిలితే అది కుళ్లి నీటిని పాడుచేస్తుంది. అందువల్ల గుల్లలను ఉడకబెట్టి, శుభ్రంగా కడిగి, ఎండబెట్టిన తరువాతనే వాడాలి. గుల్లసున్నానికి మూలమైన కాల్షియం కార్బొనేట్ వీటిలో ఉండడం వల్ల నీటి క్షారత తగ్గిపోకుండా కొంత తోడ్పడతాయి.

నీటి నాణ్యత

నీటి ఉదజని సూచిక 8 నుండి 9 మధ్య, ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. బోరునీటి కాఠిన్యం ఊరూరికీ మారుతుంది కనుక ముందుగా పరీక్షించుకోవాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని ఒక రోజు గాలి ఆడించి వాడాలి.

క్షార జలంలో అమ్మోనియా విషప్రభావం ఎక్కువ. 25 డిగ్రీల వద్ద ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతంకంటె తక్కువ. సూచిక 8.5 కు చేరితే అది సుమారు 15 శాతమవుతుంది. కావున వడపోతలో మేలుచేసే బాక్టీరియా వృద్ధి చెందే వరకు, అనగా 4 నుండి 6 వారాలు, చేపలను వేయరాదు. తరువాత వారానికొకసారి 15 నుండి 20 శాతం నీటిని మార్చాలి.

వేసవి జాగ్రత్తలు

నీరు వేడెక్కే కొలదీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములే కరుగుతుంది. అదే సమయంలో అమ్మోనియా విషరూపం పెరుగుతుంది. అందుచేత రోహిణి కార్తె ఎండలలో చేపలకు ఒకేసారి రెండు ముప్పులు ఎదురవుతాయి.

తొట్టిని పడమటి గోడకు, రేకుల కప్పుకు దూరంగా ఉంచాలి. మూత తీసి వలతో కప్పి, నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలి తగిలేలా చేస్తే ఆవిరి వల్ల నీరు చల్లబడుతుంది. ఆవిరైన మేరకు బోరునీటిని పోస్తూ పోతే లవణాలు పేరుకుపోతాయి. కనుక లవణాలు తొలగించిన శుద్ధి నీటిని పోయాలి. మంచుగడ్డలను నేరుగా వేస్తే ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయి చేపలు దెబ్బతింటాయి. విద్యుత్ అంతరాయాలున్న గ్రామాలలో బ్యాటరీతో నడిచే గాలిపంపు తప్పనిసరి. ఎండ తీవ్రమైన రోజులలో మేత తగ్గించాలి.

మేత, సంతానోత్పత్తి

సన్నని గుళికల మేత, ఆర్టీమియా పిల్లలు అనుకూలం. ఆడచేప గుల్ల లోపల గుడ్లు పెడుతుంది. ఇసుకరేణువంత పిల్లలు గుల్ల మూతివద్ద కనిపించినప్పుడు గుల్లలను కదల్చరాదు. మల్టీఫాసియేటస్ పిల్లలు పెద్ద చేపల గుంపులోనే పెరుగుతాయి కనుక వేరు చేయనక్కరలేదు.

ముఖ్య హెచ్చరిక

సంఖ్య పెరిగిన చేపలను వాగులలో, చెరువులలో విడువరాదు. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా సిక్లిడే. అది అనేక జలాశయాలలో వ్యాపించి స్థానిక చేపలకు పోటీగా మారింది. మున్నేరు కృష్ణలో, కిన్నెరసాని గోదావరిలో కలుస్తాయి కనుక ఒక వాగులో వదిలిన చేప వల్ల కలిగే నష్టం ఆ వాగుకే పరిమితం కాకపోవచ్చు. మిగిలిన చేపలను ఇతర పెంపకందారులకు గాని, అలంకరణ చేపల దుకాణానికి గాని ఇవ్వాలి.