పక్కవాద్యం ముందుకొచ్చిన వేళ

వయొలిన్, పియానో కలిసి వాయించే పాశ్చాత్య రచనల్లో సొనాటాది పెద్దపీట. మామూలుగా మూడు నాలుగు భాగాలుంటాయి. బీథోవెన్ ఇలాంటివి పది, బ్రామ్స్ మూడు రాశారు. ఇప్పుడందరూ వీటిని వయొలిన్ సొనాటాలంటున్నారు గానీ, మొదట్లో పెత్తనం పియానోదే. 1778లో అచ్చయిన మొజార్ట్ సొనాటాల ముఖపత్రం మీద వయొలిన్‌ను పక్కవాద్యంగానే పేర్కొన్నారు. 1787లో ఆయన రాసిన ఏ మేజర్ సొనాటా (కె. 526) నాటికి ఆ తేడా పోయింది. ఒకరు ఎత్తుకున్న వరసను రెండోవారు అందుకుంటారు, మళ్లీ అప్పగిస్తారు.

ఆ సొనాటాను 1933లో పారిస్‌లో యెహుదీ మెనూహిన్, ఆయన చెల్లెలు హెఫ్జిబా రికార్డు చేశారు. అన్నకు 17 ఏళ్లు, చెల్లెలికి 13. అప్పటి లక్క ప్లేట్లు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. పెద్ద ప్లేటు మీద కూడా ఒక పక్కకు నాలుగైదు నిమిషాల సంగీతమే పట్టేది. ఇరవై నిమిషాలు దాటే రచనను ముక్కలు చేయక తప్పలేదు. వినేవాళ్లు మధ్యమధ్యలో లేచి ప్లేటు తిప్పి, సూది మళ్లీ పెట్టాల్సి వచ్చేది. ఇలాంటి రికార్డులో చెవి పెట్టి వినాల్సిన విషయం ఒకటుంది. పియానో మెట్టు నొక్కగానే స్వరం గట్టిగా పుట్టి, వెంటనే తగ్గడం మొదలవుతుంది. వయొలిన్ స్వరమైతే కమాను సాగినంతసేపూ నిలుస్తుంది, కావాలంటే పెరుగుతుంది కూడా. ఈ రెంటినీ ఒక్క ఊపిరిగా పలికించడంలోనే వాద్యకారుల ప్రతిభ తెలుస్తుంది.

ఆ మెనూహిన్ 1952లో నెహ్రూ ఆహ్వానం మీద భారతదేశానికి వచ్చారు. మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో కర్ణాటక సంగీత విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ విని ముగ్ధులయ్యారు.

కర్ణాటక సంగీతంలోకి ఈ వాద్యాన్ని తెచ్చినవారిలో బాలుస్వామి దీక్షితార్ (1786–1858) ముఖ్యులు. వాద్యం అదే అయినా వాయించే తీరు మారింది. ఇక్కడి విద్వాంసులు కింద కూర్చుని, వయొలిన్ తలభాగాన్ని కుడిపాదం మీద ఆనిస్తారు. ఎడమచేతికి బరువు మోసే పని తప్పుతుంది కాబట్టి వేళ్లు తీగ మీద జారుతూ గమకాలు పలికిస్తాయి. పియానోలో ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య స్వరమే లేదు, అక్కడ గమకానికి చోటు లేదు. తీగల శ్రుతి కూడా వేరు, ఇక్కడ స-ప-స-ప.

ఇంత ఒదిగిన వాద్యం చాలాకాలం గాయకుడి పక్కనే ఉండిపోయింది. దాన్ని కచేరీలో ముందుకు తెచ్చినవారిలో ద్వారం అగ్రగణ్యులు. 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. కంటిచూపు మందం, అన్న వెంకటకృష్ణయ్యే తొలి గురువు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వెల్లూరులో ఒంటిగా వయొలిన్ కచేరీ చేశారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

గ్రామఫోను ప్లేట్ల ఇరుకు ఆయనకూ తప్పలేదు. గంటసేపు సాగాల్సిన రాగవిస్తారం నాలుగు సంచారాల్లో తేలాలి. అయినా ఆయన పొడుగు కమాను, నిండైన నాదం పాత ప్లేటు గరగరల్లోంచి కూడా స్పష్టంగా తెలుస్తాయి. సభలకు దూరంగా ఏ చిన్న ఊళ్లోనో ఉన్న శ్రోతకు అప్పట్లో ఆ నాదం చేరే దారి రికార్డులూ రేడియోనే. 1964లో ద్వారం కన్నుమూశాక ఆయన కుమార్తె ద్వారం మంగతాయారు వయొలిన్ విద్వాంసురాలిగా ఆ బాణీని కొనసాగించారు.