పుల్లైసులో రంగు ఎటు పోయింది?

పిల్లలూ, బండి మీద కొన్న పుల్లైసును నాలుగుసార్లు గట్టిగా జుర్రారంటే రంగూ తీపీ నోట్లోకి వచ్చేస్తాయి. పుల్లకు తెల్లటి ఐసు ముక్క మిగులుతుంది. ఎందుకంటారు?

నీళ్లు గడ్డకట్టేటప్పుడు వాటి అణువులు ఒక వరసలో అమరుతాయి. ఆ వరసలో చక్కెరకూ రంగుకూ చోటుండదు. అవి పాకంలా చిక్కబడి ఐసు పలుకుల సందుల్లో ఇరుక్కుంటాయి. తీపి నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు కాబట్టి కొంత పాకం పాకంగానే ఉంటుంది. మీరు జుర్రేది దాన్నే!

ఐసు ఫ్యాక్టరీలో అచ్చులను బాగా చల్లబరిచిన ఉప్పునీళ్ల తొట్టిలో దించుతారు. ఉప్పునీళ్లు సున్నాకు ఎంతో దిగువన కూడా నీళ్లలాగే ఉండి, గాలికంటే చురుగ్గా వేడిని లాగేస్తాయి. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా వస్తాయి. ఇంటి ఫ్రీజరులో ఉండేది చల్లగాలే. మైనస్ 18 డిగ్రీలున్నా గంటల తరబడి పడుతుంది, పలుకులు పెద్దవై కరకరలాడతాయి. ఫ్రీజరు లేనివాళ్లు బకెట్లో మూడు పాళ్లు ఐసు ముక్కలకు ఒక పాలు చినగంజాం కల్లుప్పు కలిపి, గట్టిగా మూత పెట్టిన అచ్చులను అందులో దించి చూడండి.

ఇక అసలు కిటుకు: నీళ్లు తగ్గించండి, గుజ్జు పెంచండి. వేసవిలో మన ఒంగోలుకు ఉలవపాడు మామిడి దూరమేం కాదుగా! పండులోని పీచూ పెక్టినూ నీటిని పట్టి ఉంచుతాయి. రెండు గరిటెల గడ్డపెరుగు కలిపితే దాని వెన్న కూడా పలుకులను పెరగనివ్వదు. సపోటా అయినా బాగుంటుంది. పుచ్చకాయలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే, దానికి ఒక అరటిపండు తోడివ్వండి.

మిక్సీ పట్టిన గుజ్జును చిన్న స్టీలు గ్లాసుల్లో పోయండి. గడ్డకట్టే నీళ్లు నూటికి 9 పాళ్ల దాకా ఉబ్బుతాయి, అంచు దాకా నింపొద్దు. సగం గట్టిపడ్డాక పుల్ల గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. తినేముందు గ్లాసును క్షణంపాటు మామూలు నీళ్లలో ముంచితే ఊడొస్తుంది.

ఫ్రీజరులో క్రిములు చాలావరకు చావవు, నిద్రపోతాయంతే. అందుకే నీళ్లు కలపాల్సివస్తే కాచి చల్లార్చినవే కలపండి.

చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, కాబట్టి బాగా మాగిన పండే తీసుకోండి. 100 గ్రాముల మామిడి గుజ్జులో ఇంచుమించు 14 గ్రాముల చక్కెర ఎలాగూ ఉంటుంది. పంచదార డబ్బా జోలికి పోకండి. షుగరున్న తాతయ్యలకు మాత్రం సగం పుల్లే ఇవ్వండి, ఎంత మారాం చేసినా సరే!